పాత మనవులే ముందు: నల్లగొండలో నేను వెళ్లే శుక్రవారం ఉపవాస ప్రార్థన

శుక్రవారం వచ్చిందంటే నల్లగొండలో ఉపవాస ప్రార్థనలకు కొదవ ఉండదు. హైదరాబాద్ రోడ్డు నుంచి పానగల్ దాకా ఏ కాలనీలో చూసినా ఒకటో రెండో జరుగుతుంటాయి. రేకుల షెడ్డులో ఒకటి, పందిరి కింద ఒకటి, ఎవరో అక్క ఇంటి మేడ మీద ఇంకొకటి. నేను ఇంట్లోనే లేడీస్ టైలరింగ్ చేస్తాను. బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చే అక్కాచెల్లెళ్లలో చాలామంది కొలతలిస్తూనే అడుగుతారు: "అక్కా, నువ్వు పోయే ప్రార్థన ఎట్లుంటది? మేం రావచ్చా?" ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేసారి వివరంగా రాద్దామనిపించింది. సంఘం పేరు మాత్రం రాయడం లేదు. పేరు ప్రచారం మా పాస్టరు అయ్యగారికి ఇష్టం ఉండదు. గడియారం సెంటర్ నుంచి ఆటోలో పది నిమిషాల దూరం, పాత బాప్టిస్టు క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా ఉండే కాలనీ. వచ్చేవాళ్లకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

ఈ కూడిక నాకు నచ్చింది. ఇక్కడ అడగడం నేర్పిస్తారు. మొహమాటం లేకుండా, మధ్యలో వదిలిపెట్టకుండా, వినేవాడు తండ్రి అన్న నమ్మకంతో అడగడం. పెద్ద సభలకు నేనూ వెళ్లాను. పాటలు బాగుంటాయి, ప్రసంగం బాగుంటుంది, వేలమందితో కలిసి ఆమెన్ అంటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఇంటికొచ్చాక మన కష్టం మనదే. పోయిన వారం చెప్పిన సంగతి ఏమైందని ఈ వారం అడిగేవాళ్లుండరు. ఇక్కడ అడుగుతారు. పేరు పెట్టి పిలిచి మరీ అడుగుతారు.

మందిరం చిన్నది. రేకుల కప్పు, ముందు భాగంలో చాపలు, వెనక రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. ఎండాకాలం ఉడికిపోతుంది, ఫ్యాన్లు ఉన్నా వేడి గాలే వస్తుంది. ఆ కుర్చీల గురించి చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పెద్దవాళ్లు కొందరున్నారు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంగిపోయినవాళ్లు, నడుము నిలబడనివాళ్లు. వాళ్లకు మోకరించడం కుదరదు. చాలా చోట్ల "అందరూ మోకాళ్లూనండి" అని మైకులో గట్టిగా చెబుతారు, ఆ మాట వింటూ వీళ్లు తలదించుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆ మాట అనరు. "ఎవరికి వీలైనట్టు వాళ్లు" అంటారు, అంతే. వెనక వరసలో కూర్చునే ఒక పెద్దమ్మకు మెడ పక్కకు తిరగదు. ప్రార్థన మొదలవగానే ముందున్న కుర్చీ వీపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటుంది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉంటాయి. ప్రార్థన ముగిసేదాకా ఆ పట్టు వదలదు. గట్టిగా అరవదు, ఏడవదు. "నాయనా, మల్ల వచ్చిన" అని మొదలుపెడుతుంది. ప్రతి శుక్రవారం అదే మొదలు.

ఇక అసలు సంగతి, మనవుల పుస్తకం.

చాలా సంఘాల్లో మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేయమంటారు. ఆ చీటీల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు, తర్వాత అవి ఎటు పోతాయో తెలియదు. ఇక్కడ ఒక పొడుగాటి గీతల రిజిస్టరు ఉంది, ఆఫీసుల్లో ఉండేది. గవర్నమెంటు బడిలో చేసి రిటైరైన టీచరమ్మ ఒకామె దాన్ని చూసుకుంటుంది. తేదీ, ఊరు, మనవి, చివరన ఒక ఖాళీ గడి. ఇంటిపేర్లు రాయదు. రహస్యంగా ఉంచమంటే ఊరు కూడా రాయకుండా "ఒక చెల్లె" అని మాత్రమే రాసుకుంటుంది. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. పది గంటలకు పాట అయిపోగానే ఆమె కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరుస్తుంది. మొదట చదివేది ఆ రోజు వచ్చిన కొత్త మనవి కాదు, ఇంకా జవాబు రాని వాటిలో అన్నిటికంటే పాతది. అక్కడి నుంచి వరసగా కిందికి వస్తుంది. కొత్తవి చివర్లో.

ఈ పద్ధతి ఎంత గొప్పదో అందులో మన మనవి పాతబడితేనే తెలుస్తుంది. కొత్త కష్టానికి అందరూ పరుగెత్తుకొస్తారు. ఆస్పత్రిలో చేరిన రోజు ఇల్లంతా జనమే ఉంటారు. ఏళ్లు గడిచినా తీరని కష్టం గురించి మళ్లీ నోరు తెరవాలంటే మనకే సిగ్గేస్తుంది, ఇంకా అదే పాట పాడుతోందని అనుకుంటారేమోనని. ఇక్కడ ఆ సిగ్గు పడాల్సిన పని లేదు. మనం నోరు తెరవకముందే టీచరమ్మ మన సంగతి చదివేస్తుంది.

ఆ పుస్తకంలో ఉండే మాటలు వింటే మన జిల్లా మొత్తం కళ్లకు కడుతుంది. బత్తాయి తోటలో బోరు ఎండిపోయింది. కోడలికి ఏడో నెల, బీపీ ఎక్కువగా ఉంది. పత్తి ఏరడానికి పోయిన చోట కూలి డబ్బులు ఇవ్వలేదు. పిల్లవాడికి డీఎస్సీలో ఉద్యోగం రావాలి. భర్త చిట్టీ డబ్బులు ఎవరికో ఇచ్చి మోసపోయాడు. ఇలాంటివి. వాటిలో ఒకటి చాలా కాలం నా మనసులో ఉండిపోయింది. ఒక నేతగాళ్ల ఇంటి తల్లి రాయించింది. కొడుకు మహారాష్ట్రలోని భివండిలో మరమగ్గాల పనికి పోయాడు, మొదట్లో డబ్బులు పంపాడు, తర్వాత ఫోను కూడా ఆగిపోయింది. ప్రతి శుక్రవారం ఆ వరస వస్తుంది, ఆమె లేచి నిలబడుతుంది, అందరం ఆ అబ్బాయి కోసం అడుగుతాం. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక చెల్లె పక్కనున్నామెతో "మళ్లీ అదేనా" అంది, మెల్లగానే. టీచరమ్మకు వినపడింది. కోప్పడలేదు. "మళ్లీ అదేనమ్మా. వినేటాయనకు విసుగు లేదు, అడిగే మనకెందుకు?" అని తర్వాతి వరసకు వెళ్లింది.

ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. భివండిలో లేడు, సూరత్‌లో ఉన్నాడట. ఆ శుక్రవారం చివరి గడిలో టీచరమ్మ ఎర్ర పెన్నుతో తేదీ వేసి "ఫోన్ వచ్చింది, స్తోత్రం" అని రాసింది. వెంటనే కింద కొత్త వరసలో "ఇంటికి రావాలి" అని అదే తల్లి పేరు మీద ఇంకో మనవి రాసింది. అతను ఇంకా రాలేదు. పండగకు వస్తానన్నాడు, పండగ అయిపోయింది. ఆమె ఇప్పటికీ లేచి నిలబడుతోంది, మేమూ అడుగుతున్నాం.

వాక్యం, అంటే బైబిలు ప్రసంగం, అయ్యగారు అరగంటకు మించి చెప్పరు. ఇది నాకు చాలా నచ్చే విషయం. ఒక్క భాగాన్నే తీసుకుని కొన్ని వారాలు చెబుతారు. లూకా 18వ అధ్యాయంలో విధవరాలు, అన్యాయస్థుడైన న్యాయాధిపతి కథ ఆయన చెప్పినట్టు నేను వేరే చోట వినలేదు. మామూలుగా ఈ కథ ఎలా చెబుతారు? విధవరాలు విసిగించింది, న్యాయాధిపతి విసుగెత్తి పని చేసిపెట్టాడు, కాబట్టి మీరూ దేవుణ్ణి విసిగించండి అని. అయ్యగారు అలా కాదంటారు. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడనివాడు, మనుషుల్ని లెక్కచేయనివాడు అని యేసే చెప్పాడు. అలాంటివాడే చివరికి న్యాయం తీర్చితే, రాత్రింబగళ్లు మొరపెట్టుకునే తన పిల్లల మాట దేవుడు వినడా అన్నదే అక్కడి ప్రశ్న. దేవుడు ఆ న్యాయాధిపతిలాంటివాడు కాడు కాబట్టే ఆశ వదులుకోవద్దని చెప్పాడు. లూకా 11లో అర్ధరాత్రి రొట్టెలు అడిగిన స్నేహితుడి కథ తర్వాత కూడా అంతే, చేపను అడిగితే పామును ఇచ్చే తండ్రి ఉంటాడా, గుడ్డు అడిగితే తేలునిస్తాడా అని వెంటనే అడుగుతాడు ప్రభువు. తలుపు కొట్టేవాడు నమ్మేది తన చేతి బలాన్ని కాదు, లోపల ఉన్నది ఎవరో తెలిసిన ధైర్యం అది.

అలాంటప్పుడు ఒకసారి అడిగితే చాలదా, మళ్లీ మళ్లీ ఎందుకు? ఈ ప్రశ్న నేనే అయ్యగారిని అడిగాను, కూడిక అయిపోయాక బయట చెట్టు కింద. ఆయన చెప్పిన జవాబులో నాకు పనికొచ్చింది ఇది: అడిగే కొద్దీ మన మనవిలోని తాలు పోతుంది, గింజ మిగులుతుంది. నా తమ్ముడి విషయంలో అది అక్షరాలా నిజమైంది. వాడికి తాగుడు. మొదట్లో నేను అడిగింది "ప్రభువా, వీడి తాగుడు మాన్పించు, నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నాం" అని. ఆ ప్రార్థనలో తమ్ముడి కంటే మా పరువే ఎక్కువుంది. శుక్రవారాలు గడిచేకొద్దీ నాకు తెలియకుండానే మాట మారింది. "వాడు రాత్రి రోడ్డు మీద పడిపోకుండా చూడు. వాడు ఒంటరిగా ఉన్నాడు, నాతో మాట్లాడేలా చెయ్యి." ఇప్పుడు వాడు తాగుడు మానలేదు, కానీ నాతో మాట్లాడుతున్నాడు. పోయిన నెల వాడంతట వాడే వచ్చి టీ తాగి, డీ-అడిక్షన్ సెంటరు ఎక్కడుందని అడిగాడు. ఇంకా వెళ్లలేదు. పుస్తకంలో మా వరసకు చివరి గడి ఖాళీగానే ఉంది.

కనాను స్త్రీ కథ వచ్చిన వారం మాత్రం మందిరంలో ఆడవాళ్లందరి ముఖాలూ వెలిగిపోయాయి. మత్తయి 15లో ఆమె కూతురి కోసం కేకలు వేస్తే ప్రభువు మొదట ఒక్క మాట కూడా పలకలేదు. శిష్యులు ఆమెను పంపేయమన్నారు. పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వేయడం తగదన్న మాట కూడా విన్నది. అయినా వెనక్కి పోలేదు. నిజమే ప్రభువా, కుక్కపిల్లలు కూడా బల్ల మీద నుంచి పడే ముక్కలు తింటాయి కదా అంది. "అమ్మా, నీ విశ్వాసము గొప్పది" అన్నాడు ఆయన. గొప్ప విశ్వాసం అని ప్రభువు మెచ్చుకున్న మనిషి ఏ గుడిలోనో పెరిగినామె కాదు, బయటి దేశపు తల్లి. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బ్యాంకుల్లో "పక్కకు జరుగమ్మా" అన్న మాట రోజూ వినే ఆడవాళ్లకు ఈ కథ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది.

అడగడం మా జిల్లాకు కొత్త కూడా కాదు. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామిని ఢిల్లీ దాకా తీసుకెళ్లి, ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద కూర్చోబెట్టి మా బాధ చూడమని అడిగిన జిల్లా ఇది. అయ్యగారు ఒకసారి ఈ సంగతి గుర్తుచేసి, ప్రధాని బల్ల దాకా పోవడానికి జంకనివాళ్లం దేవుడు దయతో వినే కృపాసనం దగ్గరికి పోవడానికి ఎందుకు జంకుతాం అన్నారు. హెబ్రీ 4:16 "ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము" అంటుంది కదా. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లు ఆ రోజు ఆమెన్ అన్న తీరు మర్చిపోలేను.

కొత్త సంవత్సరం మొదటి కూడికలో ఒంగోలు కొండ కథ చెప్పడం ఇక్కడ ఆనవాయితీ. తెలుగు బాప్టిస్టులకు తెలిసిన కథే అయినా పిల్లల కోసం చెబుతారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని ఏళ్ల తరబడి సాగినా నమ్మినవాళ్లు చాలా తక్కువ. 1853 నాటికి ఆ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు దగ్గర కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ వచ్చింది 1865లో. అంటే పదేళ్లకు పైనే. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పని తర్వాత నిజాం రాజ్యంలోకి కూడా పాకింది. 1890 ప్రాంతంలో నల్లగొండలో మిషన్ కేంద్రం మొదలైంది, దాన్ని మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్. ఈ కథ చెప్పి అయ్యగారు ఒకటే అంటారు: కొండెక్కిన రోజు ఆ కొద్దిమందికి 1878 కనపడలేదు. మా ముత్తాతల బాప్తిస్మాలు ఆ పని తర్వాతి తరాల్లో జరిగినవే కాబట్టి నాకిది దూరపు చరిత్ర అనిపించదు.

ఈ కూడిక మా అమ్మకు చేసిన మేలు కూడా చెప్పాలి. నాన్న పోయాక భూమి అమ్మ పేరు మీదికి మారాలి. కాగితాల్లో ఆమె పేరు తప్పు పడింది, భూమి కొన్ని గుంటలు తక్కువగా ఎక్కింది. ఆమె తిరిగిన ఆఫీసు ఏదో చెప్పను. వెళ్లినప్పుడల్లా సారు మీటింగులో ఉన్నాడు, సర్వర్ పని చేయట్లేదు, రేపు రా. చదువు రాని మనిషి. చీరల షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరులో పాత పట్టా, నాన్న మరణ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సులు పెట్టుకుని తిరిగేది. అలిసిపోయి వదిలేస్తానంది. సంగతి పుస్తకంలోకి ఎక్కాక మనిషి మారింది. శుక్రవారం నలభై మంది ఆడవాళ్లు తన భూమి కోసం పేరు పెట్టి అడుగుతుంటే ఆమెకు ఎక్కడిదో బలం వచ్చింది. "శుక్రవారం దేవుణ్ణి అడిగిన, సోమవారం సారును అడుగుత" అని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోవడం మొదలుపెట్టింది. ప్రార్థన చేశాం కదా అని ఇంట్లో కూర్చోమని ఇక్కడ ఎవరూ చెప్పరు. లూకా 18లోని విధవరాలు కూడా న్యాయాధిపతి దగ్గరికి నడిచే వెళ్లింది కదా అని టీచరమ్మ అంటుంది. చివరికి పాస్‌బుక్కులో పేరు సరిగ్గా వచ్చింది. గుంటల లెక్క ఇంకా తేలలేదు. పుస్తకంలో అలాగే రాశారు: "పేరు సరైంది. గుంటలు ఇంకా."

ఆ చివరి గడిలో మూడు రకాల రాతలు ఉంటాయి. ఒకటి తేదీతో సహా స్తోత్రం. రెండోది "ఇంకా". మూడోది "వేరేగా ఇచ్చాడు". ఈ మూడోది చాలా చోట్ల ఉండదు. క్యాన్సర్ వచ్చిన ఒక అక్క కోసం చాలాకాలం స్వస్థత అడిగాం. ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ వరసను కొట్టేయలేదు, దాచలేదు. పిల్లలు వచ్చి కూర్చున్న శుక్రవారం టీచరమ్మ ఆ వరస చదివి, "వేరేగా ఇచ్చాడు" అని రాసి, కింద "పిల్లలిద్దరి చదువు" అని కొత్త మనవి ఎక్కించింది. అపొస్తలుడు పౌలు తన ఒంట్లోని ముల్లులాంటి బాధ తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు కూడా అవే మాటలతో మూడోసారి ప్రార్థించాడు, ఆ శ్రమల గిన్నె మాత్రం తొలగిపోలేదు. పట్టు వదలకుండా అడిగినవాళ్లందరికీ అడిగిందే దొరికిందని చెప్పే కూడికలకు నేను పోను, మిమ్మల్నీ పొమ్మనను.

ఎందుకంటే ఆ మాటల వెనక ఒక క్రూరత్వం ఉంటుంది. ఒకసారి బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి, నీకు విశ్వాసం చాలక బిడ్డ పోయాడన్నాడు. ఆమె కింద కూర్చుండిపోయింది. అయ్యగారు అప్పుడే లేచి మైకు తీసుకుని ఆ మాట తప్పని అందరి ముందూ చెప్పారు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుమని అడిగిన తండ్రిని ప్రభువు తిట్టలేదు, వాడి కొడుకును బాగుచేశాడు" అని మార్కు 9 చదివారు. ఆ ప్రసంగీకుణ్ణి మళ్లీ పిలవలేదు. ఒక సంఘాన్ని ఎంచుకునేటప్పుడు ఇలాంటి రోజు వాళ్లేం చేశారో కనుక్కోండి, పాటలు ఎలా పాడతారన్నది తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు సంగతి. కానుక సంచి ఒక్కసారే తిరుగుతుంది, వేయకపోయినా ఎవరూ చూడరు. నూనె సీసాలు, ప్రార్థించిన రుమాళ్లు అమ్మరు. మనవి రాయించుకోవడానికి రూపాయి కూడా తీసుకోరు. మందులు వాడేవాళ్లను మానమనరు. షుగర్ ఉన్నవాళ్లను టీచరమ్మ ముందే పట్టుకుని "టిఫిన్ తిన్నవా?" అని అడుగుతుంది, తినలేదంటే పక్క గదిలోకి పంపి ఏదో ఒకటి తినిపించాకే కూర్చోనిస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక ఉపవాసం విడిచేటప్పుడు మజ్జిగ, అరటిపండు, పులిహోర పెడతారు. పులిహోర బాగుంటుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. సౌండు పెట్టె చిన్న మందిరానికి మరీ ఎక్కువ. నలభై మందికి మైకు అక్కర్లేదు. పక్కింట్లో పదో తరగతి పిల్లలున్నారు, పరీక్షల నెలలోనైనా తగ్గించాలి. నేను రెండు మూడుసార్లు చెప్పాను, ఒక వారం తగ్గుతుంది, తర్వాత మళ్లీ మామూలే. సాక్ష్యాల సమయం అదుపులో ఉండదు. కొందరు పది నిమిషాల సంగతిని అరగంట చెబుతారు, దాంతో కొత్త మనవుల దగ్గరికి వచ్చేసరికి తొందర మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ల కష్టం హడావిడిగా చదివేస్తే వాళ్లకు బాధే కదా. మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే వస్తారు. గట్టిగా, ఒకే మాటను పదేపదే అంటూ చేసే ప్రార్థనే బలమైనదన్న అభిప్రాయం కూడా కొందరిలో ఉంది. మత్తయి 6లో వ్యర్థమైన మాటలు వద్దని ప్రభువు చెప్పింది వాళ్లకు ఇంకా బాగా విడమరచాలి. వెనక కుర్చీలోని పెద్దమ్మ చేసే ప్రార్థన ముందు వరసకు వినపడదు, కానీ ఆమెకంటే పట్టుదలగా అడిగేవాళ్లను నేనక్కడ చూడలేదు.

అన్నిటికంటే పెద్ద లోటు టైము. శుక్రవారం పది నుంచి రెండు అంటే కూలికి పోయేవాళ్లు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, ఆస్పత్రుల్లో ఆయాలు ఎలా వస్తారు? ఒక రోజు కూలి పోతుంది. నాకు సొంత కుట్టు మిషను ఉంది కాబట్టి కుదురుతోంది. అసలు మొరపెట్టుకోవాల్సిన కష్టాలు ఎక్కువగా ఉన్నది వాళ్లకే. నెలలో ఒక్క శుక్రవారమైనా సాయంత్రం ఏడింటికి పెట్టమని మేం కొంతమందిమి అడుగుతున్నాం. అయ్యగారు సరే అన్నారు గానీ, రాత్రి పల్లెలకు బస్సుల ఇబ్బంది ఉందని ఆలోచిస్తున్నారు. అందాకా రాలేనివాళ్లు మనవి పంపితే చాలు, టీచరమ్మ రాసుకుంటుంది. మనిషి లేకపోయినా వరస చదువుతారు.

ఐదుకు ఎంత ఇస్తావంటే నాలుగు. మిగిలిన ఒకటి సౌండు పెట్టెకూ, టైముకూ పోయింది.

ఎవరికి నప్పుతుందంటే, చాలాకాలంగా ఒకే విషయం అడిగి అడిగి నోరు ఎండిపోయినవాళ్లకు. ఈ రోజు వెళ్లి ఈ రోజే అద్భుతం చూడాలనుకునేవాళ్లకు ఇక్కడ విసుగ్గా ఉంటుంది. ఇతర సంఘాలవాళ్లు, క్రైస్తవులు కానివాళ్లు కూడా వస్తుంటారు, ఏ సంఘం అని ఎవరూ అడగరు. మొదటిసారి వచ్చేవాళ్లు తొమ్మిదీ నలభై ఐదుకల్లా రండి, పాటలు మొదలవకముందే టీచరమ్మ దగ్గర కూర్చుని మీ సంగతి నింపాదిగా రాయించుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెనక కుర్చీల్లో కూర్చోండి, మొహమాట పడొద్దు. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లకు పక్క గది ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో నా దగ్గర బ్లౌజులు ఇచ్చినవాళ్లు మాత్రం శుక్రవారం పొద్దున ఫోన్ చేయకండి, మూడు తర్వాత చేయండి, అప్పటికి నేను ఇంటికొచ్చేస్తాను.